‘ముస్లిం అయినా మంచోడే’

తెలుగు దినపత్రికల జిల్లా పేజీలు చదివేవాళ్లకు ఒక వార్త బాగా అలవాటు. ఏడాదికి నాలుగైదు సార్లయినా వస్తుంది. చుట్టూ గీత గీసి, పక్కన ఫొటో పెట్టి అచ్చేస్తారు. వినాయక మండపం దగ్గర టోపీ పెట్టుకున్న మనిషి అన్నం వడ్డిస్తుంటాడు. లేదంటే దిక్కులేని హిందువు పాడెను నలుగురు గడ్డాల యువకులు మోస్తుంటారు. లేదంటే అయ్యప్ప స్వాములకు ఒక సాయిబు భిక్ష పెడుతుంటాడు. శీర్షిక దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ‘మతసామరస్యానికి ప్రతీక’. పత్రికల భాషలో దీన్ని బాక్స్ ఐటం అంటారు.

ఆ బాక్సులో ఉన్న మనుషుల మీద మాకే ఫిర్యాదూ లేదు. వాళ్లు చేసింది మంచి పని. ఆకలైనవాడికి అన్నం పెట్టారు, అనాథ శవాన్ని మర్యాదగా సాగనంపారు. మా ఫిర్యాదంతా ఆ బాక్సు మీద, అందులో వాడే తెలుగు మీద. ఎందుకంటే ఆ వార్తలో పైకి కనిపించినా కనిపించకపోయినా ఒక చిన్న మాట ఉంటుంది. ‘ముస్లింలు అయినప్పటికీ’, ‘ముస్లింలు సైతం’, ‘మతం వేరైనా’. ఊళ్లో మామూలుగా అనే మాటలో చెప్పాలంటే ‘ముస్లిం అయినా మంచోడే’. మెచ్చుకోలుగానే అంటారు. అన్నవాడికి చెడు ఉద్దేశం ఉండదు. విన్నవాడు కూడా నవ్వి ఊరుకుంటాడు. కాని ఆ ‘అయినా’ ఏం చెబుతోంది? మంచివాడు కావడానికి ముస్లిం కావడం అడ్డమనీ, ఇతను ఆ అడ్డం దాటి వచ్చాడనీ చెబుతోంది. ఒక మనిషిని పొగుడుతూనే అతని తల్లినీ తండ్రినీ వాడకట్టునూ మొత్తంగా అనుమానిస్తోంది.

మరో సంగతి గమనించాలి. ఆ బాక్సులో మనిషికి పేరుండదు, ఉన్నా చివర్లో ఉంటుంది. ముందు ‘ముస్లిం యువకులు’ అని ఉంటుంది. అతను మెకానిక్కా, బాయి కార్మికుడా, ఆటో తోలుతాడా, దుబాయి నుంచి వచ్చాడా అన్నది ఎవరికీ పట్టదు. దొంగతనం కేసులో దొరికినవాడిని మతంతో గుర్తుపట్టే అలవాటు, అన్నం పెట్టినవాడి దగ్గరికొచ్చినా పోదు. అనుమానం, పొగడ్త ఒకే తక్కెడకు రెండు సిబ్బెలు. ఏ సిబ్బెలో కూర్చోబెట్టినా తూచేది మనల్నే. తక్కెడ మాత్రం ఇంకొకరి చేతిలో ఉంటుంది.

మేం ఉర్దూ, తెలుగు రెండూ చదివి, రెండింట్లో రాసి బతికేవాళ్లం. కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. ఉర్దూ పత్రికల్లో ఈ బాక్సు లేదా? ఉంది. కాకపోతే తిరగేసి ఉంటుంది. ముస్లిం యువకులు రక్తదానం చేస్తే అక్కడ అది ఒట్టి ‘ఖిద్మతే ఖల్క్’, అంటే జనానికి సేవ. వాళ్ల మతం ప్రత్యేకంగా రాయరు, రాయాల్సిన అవసరం లేదు. అదే ఒక హిందువు మసీదు మరమ్మతుకు సిమెంటు బస్తాలు ఇస్తే ‘గైర్ ముస్లిం హోతే హుయే భీ’ అని మొదలవుతుంది. వెంటనే గంగా జమునీ తహజీబ్ వచ్చేస్తుంది. ఆ ‘హోతే హుయే భీ’ ఈ ‘అయినా’కు తోబుట్టువే. దీన్నిబట్టి తెలిసేదేమంటే, ఈ మాట ఏ ఒక్క మతం సొత్తూ కాదు. పేజీ తెరిచినప్పుడు ‘మనం’ అంటే ఎవరని ఆ పత్రిక అనుకుంటుందో, ఆ ‘మనం’ గోడ మీద మొలిచే మొక్క ఇది. అయితే రెండు గోడలూ ఒక్కంత ఎత్తులో లేవు. ఉర్దూ పత్రికలోని ‘అయినా’ వల్ల ఎవరికీ అద్దె ఇల్లు దొరక్కుండా పోదు. తెలుగు పత్రికలోని ‘అయినా’ వెనుక మాత్రం పోలీస్ స్టేషనుంది, అద్దె ఇల్లుంది, ఉద్యోగముంది.

విచిత్రమేమంటే భాషకు ఈ జబ్బు లేదు. దుకాణం, ఖర్చు, బాకీ, ఫిర్యాదు, వకీలు, మరమ్మతు, హాజరు, జిల్లా. వీటిలో ఏ మాటనూ ‘ఉర్దూ అయినా మంచి తెలుగే’ అని ఎవరూ మెచ్చుకోరు. మెచ్చుకోవాలని తోచదు కూడా. నోట్లో కలిసిపోయాయి. మాటలకు దొరికిన ఆ మామూలుతనం మనుషులకు ఎందుకు దొరకలేదన్నదే మా ప్రశ్న.

తెలుగు సినిమా, కథ ఈ ‘అయినా’ను చాలాకాలం పెంచి పోషించాయి. సినిమాలో ముస్లిం రెండు రకాలు. ఒకడు కత్తి పట్టుకున్నవాడు. రెండోవాడు హీరో కోసం ప్రాణమిచ్చే రహీం చాచా. ఇద్దరి నోటా ఒకటే భాష: ‘నమ్మళ్‌కీ, నిమ్మళ్‌కీ’. మంచిర్యాల మార్కెట్లో ఏ సాయిబు అట్లా మాట్లాడతాడు? అందరిలాగే ‘గట్లనా, గిట్లనా’ అనే మాట్లాడతాడు. ఇంట్లో దక్కనీ, బజార్లో తెలంగాణ తెలుగు. మంచి సాయిబుకు కూడా పరాయి భాష పెడితే తప్ప ప్రేక్షకుడు అతన్ని గుర్తుపట్టడని రచయితలు నమ్మారు. రహీం చాచా చచ్చిపోయిన తర్వాతే పూర్తిగా మంచివాడవుతాడన్నది కూడా గమనించదగ్గదే.

దీన్ని మొదట బలంగా నిలదీసింది ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘకవిత ‘పుట్టుమచ్చ’. 1991లో వచ్చింది. పుట్టుకతోనే ఒంటి మీద పడిన అనుమానపు మచ్చ గురించి, దేశభక్తిని రోజూ కొత్తగా రుజువు చేసుకోవాల్సిన గతి గురించి తెలుగులో అంత సూటిగా అంతకుముందు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత 1998లో స్కైబాబ సంపాదకత్వంలో ‘జల్‌జలా’ కవితా సంకలనం, 2004లో ‘వతన్’ కథా సంకలనం వచ్చాయి. పేరుకు తగ్గట్టే ‘జల్‌జలా’ ఒక కుదుపు. అభ్యుదయ కవిత్వంలో ‘ముస్లిం సోదరుడు’గా మాత్రమే ఉన్నవాడు ‘నేను’ అంటూ ముందుకొచ్చాడు. ఈ రచనలు లేకపోతే ఇవాళ ఈ నాలుగు మాటలు రాయడానికి మాకు కావలసిన భాషే ఉండేది కాదు.

అయితే విమర్శ అన్నాక లెక్క పూర్తిగా చూడాలి. ముస్లింవాద కవిత్వం ప్రధానంగా అనుమానంతో తలపడింది. తలపడక తప్పని కాలం అది. 1992 డిసెంబర్ 6 తర్వాతి రోజులవి. కాని రెండో సిబ్బెలో ఉన్న పొగడ్తను మనం అంతగా పట్టించుకోలేదు. అనుమానించేవాడిని శత్రువుగా గుర్తుపట్టడం తేలిక. పొగిడేవాడు మిత్రుడు. లౌకికవాది కావచ్చు, సభకు పిలిచి శాలువా కప్పేవాడు కావచ్చు. అతనితో ‘అన్నా, ఆ ఒక్క మాట తీసేయ్’ అనడం కష్టం. ఆ కష్టమైన మాటే ఇప్పుడు అనాల్సి ఉంది.

మా ప్రాంతం నుంచే రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది కరోనా కాలానిది. ఇండోనేషియా నుంచి వచ్చిన పదిమంది మతప్రచారకులకు 2020 మార్చిలో కరీంనగర్‌లో కరోనా ఉన్నట్టు తేలింది. వాళ్లు ఢిల్లీ నుంచి వచ్చి రైలు దిగింది రామగుండంలో. గోదావరికి ఆవల రామగుండం, ఈవల మంచిర్యాల. ఆ తర్వాత నిజాముద్దీన్ మర్కజ్ సంగతి దేశమంతా మోగింది. దాంతో రోగానికి మతం వచ్చేసింది. కూరగాయల బండి నెట్టేవాడిని పేరేమిటని అడిగిన రోజులవి. 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లిగీల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ వాళ్లను బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. మార్చిలో పెద్ద అక్షరాలతో వచ్చిన అనుమానానికి ఆగస్టు తీర్పు సరితూగలేదు.

2021 వేసవిలో రెండో అల. ఆసుపత్రిలో పోయినవాళ్లను ఇంటికి తీసుకుపోవడానికి కన్నబిడ్డలే జంకిన రోజులు. తెలంగాణ పట్టణాల్లో చాలాచోట్ల ముస్లిం యువకులు ముందుకొచ్చారు. మయ్యత్‌కు గుస్ల్ చేయించి, కఫన్ కట్టి, జనాజా మోయడం చిన్నప్పటి నుంచీ వాడకట్టులో చూసిన పని. శవాన్ని అంటరానిదిగా చూడని అలవాటు అది. హిందువులను కట్టెల మీద, ముస్లింలను మట్టిలో, క్రైస్తవులను వాళ్ల పద్ధతిలో సాగనంపారు. అప్పుడు బాక్సులు వచ్చాయి. ఏడాది కింద రోగం మోసుకొచ్చినవాళ్లు ఇప్పుడు మానవత్వానికి ప్రతీకలయ్యారు. రెండుసార్లూ ఉన్నది ఆ మనుషులే, ఆ గల్లీలే. మారింది సిబ్బె మాత్రమే.

ఇక్కడ బాక్సు దాచిపెట్టినదేమిటో కూడా అడగాలి. శవం అనాథగా ఎందుకు మిగిలింది? అంబులెన్సుకు వేలకు వేలు ఎవరు అడిగారు? దహనవాటికలో కట్టెల ధర ఎందుకు పెరిగింది? ఆక్సిజన్ ఎందుకు దొరకలేదు? ‘మతసామరస్యానికి ప్రతీక’ అని రాసిన తర్వాత ఈ ప్రశ్నలకు చోటుండదు. కలెక్టరును, మంత్రిని అడగాల్సిన వార్త మనుషులను మెచ్చుకునే వార్తగా మారిపోతుంది. మామూలు మనుషుల మంచితనం సర్కారు వైఫల్యం మీద కప్పిన దుప్పటి అవుతుంది. ఆ దుప్పటి నేసినవాడికి మాత్రం తన మంచితనం అట్లా వాడుకున్నారని తెలియదు.

రెండో ఉదాహరణ వరద. 2022 జూలైలో గోదావరి పొంగింది. పైన కడెం ప్రాజెక్టు తట్టుకోగలిగినదానికి మించి నీళ్లు వచ్చాయి. ఊరు ఊరంతా అది నిలుస్తుందా కూలుతుందా అని ఊపిరి బిగబట్టింది. మంచిర్యాలలో రాళ్లవాగు వెనక్కి తన్నింది. ఒడ్డు కాలనీల్లో ఇళ్లు మునిగాయి. గోదావరి ఒడ్డున కొత్తగా కట్టిన మాతాశిశు ఆసుపత్రిలోకి నీళ్లొచ్చాయి. బాలింతలను, పసిగుడ్డులను హడావుడిగా వేరే ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. పురుడు పోసుకున్న ఆడమనిషిని నీళ్లలోంచి దాటించే చేతుల్లో ఏ చెయ్యి ఎవరిదని ఎవరడుగుతారు? రొట్టెలు, పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు పంచిన చేతులు ఎన్ని రకాలవో ఎవరు లెక్కపెడతారు? వరదలో ఉన్నంతసేపూ ఎవరూ అడగలేదు. నీళ్లు తీసిన తర్వాత ఫొటోలు వచ్చాయి. ఫొటోల కింద మతాలు వచ్చాయి. ఇక్కడా అంతే. ఆసుపత్రిని నదికి అంత దగ్గరగా ఎందుకు కట్టారన్నది బాక్సులో పట్టే ప్రశ్న కాదు.

వరద అనగానే మాకు మరో వరద, ఒక కవి గుర్తుకొస్తారు. 1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో మూసీ విరుచుకుపడింది. వేలమంది కొట్టుకుపోయారు. అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క వరదలో తల్లినీ, భార్యనీ, కూతురినీ పోగొట్టుకున్నాడు. తాను మిగిలాడు. 1961లో కన్నుమూసేదాకా అర్ధ శతాబ్దానికి పైగా బతికాడు. రుబాయీలు రాస్తూ బతికాడు. రుబాయీ అంటే నాలుగు పాదాల పద్యం. మొదటి, రెండో, నాలుగో పాదాలకు అంత్యప్రాస కలుస్తుంది, మూడోది విడిగా ఉంటుంది. ఇంత చిన్న పద్యంలో ఏడవడానికి జాగా చాలదు, ఉపన్యాసానికి అసలే చాలదు. మూడు శవాల బరువున్న మనిషి అంత ఇరుకైన రూపాన్ని ఎంచుకోవడం మాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. ఆ రుబాయీల్లో దేవుడితో మాట్లాడతాడు, తృప్తి గురించి మాట్లాడతాడు, మనిషి చిన్నతనం గురించి, పెద్దతనం గురించి మాట్లాడతాడు. ‘ఇంత పోగొట్టుకున్నా నేను మంచివాడిగానే ఉన్నాను చూడండి’ అని ఎవరి ముందూ నిలబడలేదు. ఓపికను ఎవరికో చూపించడానికి పట్టలేదు. బతకడానికి పట్టాడు. మేం చెప్పదలచుకున్న ఆశ ఇదే. ఇది పొద్దున లేచి మళ్లీ పనిలోకి పోయే ఆశ, చప్పట్లు అడగని ఆశ.

ఆ రుబాయీలను తెలుగులోకి తెచ్చింది మా ఆదిలాబాద్ మనిషి సామల సదాశివ. 1928లో దహెగాం దగ్గరి తెనుగుపల్లెలో పుట్టారు. 2012లో పోయారు. హిందుస్తానీ సంగీతం మీద రాసిన ‘స్వరలయలు’కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఉర్దూ సాహిత్య చరిత్రను తెలుగువాళ్లకు చెప్పారు. ‘యాది’లో తన గురువులను, మిత్రులను, ఉర్దూ కవులను, గాయకులను ఒక జ్ఞాపకం నుంచి మరో జ్ఞాపకంలోకి జారుతూ తలచుకున్నారు. సదాశివ వాక్యం మాకు ఎందుకు ముఖ్యమంటే, అందులో ‘అయినా’ వినిపించదు. ఉస్తాదు ఉస్తాదుగానే వస్తాడు. అతని గొంతు, అతని కోపం, అతని పలకరింపు వస్తాయి. ముస్లిం అన్నది అతని ఇంటిపేరు లాంటిది. ఉంటుంది, దాచడు, చాటడు. ఒక మనిషి మంచితనం చెప్పాలంటే ఆ మనిషి చేసిన పని చెబుతారు, అంతే. పాఠకుడే మంచివాడని అనుకోవాలి.

తమాషా ఏమిటంటే ఆ ‘అయినా’ సదాశివను కూడా వదల్లేదు. సభల్లో ఆయన్ని పరిచయం చేసేవాళ్లు ‘హిందువై ఉండి కూడా ఉర్దూలో పండితులు’ అన్న ధోరణిలోనే మాట్లాడేవాళ్లు. ఆయన చదువుకున్న రోజుల్లో నిజాం రాజ్యంలో బడి భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనంతా ఉర్దూలోనే. తెనుగుపల్లె పిల్లవాడికి ఉర్దూ రావడం అప్పుడు వింత కాదు, చదువు. అది వింతగా మారింది తర్వాతి కాలంలో. ఉర్దూను ముస్లింలకు, తెలుగును హిందువులకు పంచిపెట్టిన తర్వాత అటువాడు ఇటు కనిపిస్తే వింత, ఇటువాడు అటు కనిపిస్తే ప్రతీక. ‘అయినా’ పాత మాట కాదు. పంపకాల తర్వాత పుట్టిన మాట.

సదాశివ లోకానికి హద్దులు లేవని మేం అనడం లేదు. ఆయన పేజీల్లో ఎక్కువగా తిరిగేది కవులు, పండితులు, ఉస్తాదులు. బీడీలు చుట్టే ఖాలమ్మ, పంచరు వేసే పిల్లవాడు అంతగా కనిపించరు. పైగా ఆ ఉర్దూ ఎంత తీయనిదైనా, ఎందరో తెలుగు రైతులకు అది అమీను భాష, పోలీసు భాష. తెలుగుకు చోటు దక్కడం లేదన్న కోపం కూడా 1930లో పుట్టిన ఆంధ్ర మహాసభ వెనుక ఉంది. ఈ రెండూ కలిపి చూడకపోతే మన జ్ఞాపకం కూడా ఒక బాక్స్ ఐటమే అవుతుంది. గుల్దస్తాలు, ముషాయిరాలు, బిర్యానీ ఉంటాయి. మనుషులుండరు.

మరి బీడీల ఖాలమ్మ, పంచరు పిల్లవాడు ఎక్కడ దొరుకుతారు? దానికి మంచిర్యాల నుంచి దూరంగా, నెల్లూరు జిల్లా కావలి దాకా పోవాలి. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ వచ్చినప్పుడు నవ్వుకుంటూ చదివారు జనం. కరువు ఉంది, అల్లరి ఉంది, అమ్మ తిట్లు ఉన్నాయి, పండగకు కొత్త బట్టలు కుదరని బాధ ఉంది. వీటిలో ఆగ్రహం ఏదీ, రాజకీయం ఏదీ అని అడిగేవాళ్లున్నారు. మా జవాబు: ఆ మామూలుతనమే రాజకీయం. ఒక తెలుగు ముస్లిం ఇంటి లోపలికి పాఠకుణ్ని తీసుకుపోయి, అనుమానపడే తీరికా మెచ్చుకునే తీరికా రెండూ లేకుండా చేశాడు. ఆయన ‘న్యూ బాంబే టైలర్స్’ కథలో దర్జీకి రెడీమేడ్ బట్టల రూపంలో కష్టం వస్తుంది. ఆ కష్టం మతం చూసి రాదు, బజారు చూసి వస్తుంది. దర్జీకి ఉన్నది చేతిలో హునర్, దాని మీద గౌరవం. 2006 సచార్ కమిటీ నివేదిక ముస్లింలలో సొంత పని మీద బతికేవాళ్ల పాలు ఎక్కువని చెప్పింది. నివేదికలో అది ఒక అంకె. కథలో ఆ అంకెకు వేళ్లున్నాయి, సూది ఉంది.

వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథలో తల్లిది ఇంకో రకం బతుకు. 2007 మే 18, శుక్రవారం నాడు మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు పొమ్మని కొడుకు వెంటపడే అమ్మ, ఆ తర్వాత పోవద్దని భయపడుతుంది. ఆ తల్లి గొప్ప త్యాగమూర్తి కాదు. ఏ తల్లయినా పడే భయమే పడింది. ఆ భయంలోనే ఆమెను మన అమ్మగా గుర్తుపడతాం. ఇక్కడ కూడా ‘అయినా’ లేదు.

ఇక మన ఇంటి సంగతి. ‘అయినా’ అనేవాళ్లను నిలదీసే ముందు, మనవాళ్ల సభల్లో వేదిక మీద ఏం జరుగుతుందో చూడాలి. ఎవరైనా వేలెత్తి చూపగానే మనవాళ్లు జాబితా చదువుతారు. అష్ఫాఖుల్లా ఖాన్, 1965 యుద్ధంలో హవల్దార్ అబ్దుల్ హమీద్, అబ్దుల్ కలాం. వాళ్లు గొప్పవాళ్లే. కాని ఆ జాబితా చదవడమంటే అవతలివాడి తక్కెడ సరైనదేనని ఒప్పుకోవడం. రాకెట్ ప్రయోగించనివాడు, యుద్ధంలో చనిపోనివాడు ఏం చేయాలి? శ్రీరాంపూర్ బాయిలో రాత్రి షిఫ్టు దిగి, పొద్దున వచ్చి పడుకునేవాడు ఏ జాబితాలోకి వస్తాడు? బాయిలో పైకప్పు బండ జారితే పక్కవాడిని లాగేవాడు సర్టిఫికెట్టు కోసం లాగడు. లాగకపోతే రేపు తనను లాగేవాడుండడు. బొగ్గుబావి నేర్పిన నీతి అది. అంత మామూలు నీతి ఏ ప్రతీకకూ అందదు.

మన కథల్లో తల్లి విషయం కూడా మాట్లాడుకోవాలి. సబర్ పట్టే అమ్మీ, తాను పస్తులుండి పిల్లలకు పెట్టే అమ్మీ, మొగుడు గల్ఫ్‌లో ఉంటే పదేళ్లు కుట్టుమిషను తొక్కే అమ్మీ. ఆమెను కన్నీళ్లతో పూజించే కథలు మనకు ఎన్నో ఉన్నాయి. బయటివాళ్లు మనల్ని పెట్టిన బాక్సు లాంటిదే మనం ఆమెకు కట్టాం. ఆమె ఓపికను మెచ్చుకుంటే చాలు, ఆమె పస్తు ఎందుకుందని అడిగే పని తప్పుతుంది. షాజహానా ‘నఖాబ్’ కవిత్వం 2005లో వచ్చినప్పుడు కొందరికి రుచించకపోవడానికి కారణం ఇదే. బయటి పెత్తనంతో పాటు ఇంటి పెత్తనాన్నీ అడిగింది. సబర్ ఆమె సొంతదైనప్పుడే బలం. మనం ఆమె మీద రుద్దితే బరువు. దూదేకుల, లద్దాఫ్, ఫకీరు కుటుంబాల గురించి అష్రాఫ్ ఇళ్లల్లో వినిపించే మాట కూడా చెవిన వేసుకోవాలి. ‘దూదేకుల అయినా నమాజీ’ అంటారు. ఆ ‘అయినా’ ఎక్కడిది? బయటి నుంచి రాలేదు. మన దస్తర్‌ఖాన్ మీదే కూర్చుంది.

తెలంగాణ పల్లెల్లో పీర్ల పండగను చూడండి. ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేని ఊళ్లలో పీర్లు లేస్తాయి. అలావ తవ్వుతారు, ఊదు వేస్తారు, మలీద చేస్తారు. పీరును ఎత్తుకునేది గొల్లాయనో మాదిగాయనో అవుతాడు. ఆయన్ని పట్టుకొని ‘హిందువై ఉండి పీరును ఎందుకు ఎత్తుతున్నావు’ అని అడిగితే ముందు ప్రశ్నే అర్థం కాదు. మా తాత ఎత్తిండు, మా నాయన ఎత్తిండు, నేను ఎత్తుతున్న అంటాడు. మొక్కు తీరింది, బిడ్డ బతికింది, అంతే. ‘మతసామరస్యం’ అన్న మాట ఆయనకు తెలియదు. తెలియకపోవడమే ఆయన దగ్గరున్న సంపద. మనం కెమెరా పట్టుకొని పోయి ఆ మాట నేర్పించిన రోజు, ఆయన కూడా రెండు వర్గాల్లో ఒకదానివాడవుతాడు. ఆ తర్వాతి ఏడాది ఎవరో వచ్చి, నువ్వు హిందువువి కదా, ఎందుకు ఎత్తుతున్నావని నిజంగానే నిలదీస్తారు. కొన్ని ఊళ్లలో ఇప్పటికే నిలదీస్తున్నారు. అటు మనవైపు నుంచి వచ్చినవాళ్లు, ఇది అసలు ఇస్లామే కాదని దులిపేస్తున్నారు. ఇద్దరి మధ్యా నలిగేది ఆ మొక్కు.

కాబట్టి మేం అడిగేది పెద్ద విషయం కాదు. మంచి పనుల గురించి రాయవద్దని అనడం లేదు. రాయండి, ఇంకా ఎక్కువ రాయండి. మనిషి పేరు రాయండి. అతని పని రాయండి. ఏం చేశాడో, ఎట్లా చేశాడో, ఎంత ఖర్చయిందో, ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చాడో రాయండి. ఆ పని చేయాల్సిన సర్కారు ఎక్కడుందో తప్పకుండా రాయండి. పేరు చదివితే అతను ఎవరో పాఠకుడికి తెలుస్తుంది. తెలియడం వేరు, వేలెత్తి చూపడం వేరు. లౌకిక మిత్రులతో ఒక్క మాట: మమ్మల్ని కాపాడాలన్న తొందరలో మమ్మల్ని ప్రతీకలు చేయకండి. ప్రతీకకు ఆకలేయదు, కోపం రాదు, అద్దె కట్టే పని ఉండదు. మాకు అవన్నీ ఉన్నాయి. మా రచయితలతో మరో మాట: మన పాత్రలకు మంచివాళ్లు కాకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఇద్దాం. అలసిపోయే స్వేచ్ఛ, విసుక్కునే స్వేచ్ఛ, ఒకరోజు పొరుగువాడికి సాయం చేయకుండా తలుపేసుకొని పడుకునే స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛ ఉన్నవాడు మర్నాడు లేచి తలుపు తీసి ఎవరికైనా చెయ్యి అందిస్తే, అది ఎవరికోసమో చేసిన రుజువు కాదు. అతని సొంత మంచితనం.

వరదలో మూడు ప్రాణాలు పోగొట్టుకున్న అమ్జద్‌ను ఎవరూ ‘అయినా’ అని మెచ్చుకోనవసరం లేకపోయింది. నాలుగు పాదాలు చాలాయి. మంచిర్యాల మెకానిక్‌కూ, బీడీల ఖాలమ్మకూ, బాయిలో రాత్రి షిఫ్టు చేసేవాడికీ అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. వాళ్ల గురించిన వాక్యంలోంచి ఒక్క మాట తీసేస్తే చాలు.